అంకుల్ తుడవని గుడ్లు

ఆ రోజు పొద్దున వాన పడుతోంది. నా రెయిన్‌కోటు ముందురోజు తడిసి ఇంకా ఆరలేదు. వెనక తలుపుకి తగిలించి ఉన్న అంకుల్ కోటు వేసుకుని నెమళ్ళకు గింజలు వెయ్యడానికి వెళ్ళాను. దాని చేతులు నా వేళ్ళు దాటి కిందికి వేలాడాయి. కుడి జేబులో మొన విరిగిన పెన్సిల్ ముక్క, బొటనవేలంత టార్చి తగిలాయి. ఆయన జేబులో అవి ఉండడం వింత కాదు. మళ్ళీ అక్కడే పెట్టేశాను. లోపలికి వచ్చి బూట్లు విప్పుతుంటే ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి ఆంటీ.

“అమ్మాయ్, అంకుల్ వెళ్ళిపోయారు” అన్నారు. ఆ వెంటనే, “నెమలి గూట్లోంచి లేచిందా?” అని అడిగారు.

“లేదాంటీ. కూర్చునే ఉంది.”

“సరే అయితే” అని ఫోను పెట్టేశారు.

ఆయన నాకు బంధువు కాదు. ఐర్లండ్‌కి, గాల్వేలో ఎం.ఎస్. చదవడానికి వచ్చినప్పుడు ఊళ్ళో అద్దెలు నాకు అందేలా లేవు. తెలిసినవాళ్ళు చెబితే ఊరి బయట అంకుల్ వాళ్ళ ఇంట్లో ఒక గదిలో దిగాను. చదువయ్యాక ఉద్యోగమూ ఇక్కడే దొరికి, ఏడాది అనుకున్నది నాలుగేళ్ళయింది. వాళ్ళది తణుకు దగ్గర పల్లె. ఆయన ఇక్కడి వైద్య పరికరాల ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. రక్తనాళాల్లోకి పంపే సన్నని గొట్టాలను మైక్రోస్కోప్ కింద చూసి, బాగున్నవి ఒక పక్కకి, కానివి ఇంకో పక్కకి పెట్టడం ఆయన ఉద్యోగం. ఒక్కతే కూతురు, ఈ దేశంలోనే స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఉంటుంది.

నేను గుంటూరులో కాన్వెంటులో చదువుకున్నాను. అక్కడ మాట్లాడకుండా కూర్చునే పిల్ల మంచి పిల్ల. ఆ మంచితనం నన్ను తరవాత కూడా వదల్లేదు. ఆ ఇంట్లో మొదటి ఏడు నెలలూ నా గది, వంటిల్లు, బస్‌స్టాపు తప్ప ఏమీ ఎరగను. ఏప్రిల్లో ఒక సాయంత్రం అంకుల్ నా గది తలుపు తట్టారు.

“అమ్మాయ్, నీకు చూపు బాగుంటుందా?”

“అద్దాలున్నాయి అంకుల్.”

“అద్దాలతోనే. రా.”

బట్టలుతికే గదిలోకి తీసుకెళ్ళి, లైటు ఆర్పి, ఒక గుడ్డు కింద చిన్న టార్చి పెట్టారు. కోడిగుడ్డు కన్నా పెద్దది, లేత గోధుమ రంగు. వెలుగు లోపలికి పాకి గుడ్డంతా దీపంలా అయింది.

“ఏం కనపడుతోంది?”

“ఏమీ లేదంకుల్.”

“అప్పుడేనా? ఏమీ లేదని చెప్పడానిక్కూడా పది సెకన్లు చూడాలమ్మా.”

మనసులో లెక్కపెడుతూ చూశాను. ఏడో ఎనిమిదో అంకె దగ్గర ఒక ఎర్రని దారం కనిపించింది, దాన్నుంచి ఇంకో దారం. మధ్యలో చుక్క ఒకటి కదిలింది. నేను చెప్పకముందే ఆయన నా మొహం చూసి పెన్సిల్ అందించారు. “టిక్కు పెట్టు.” ఆయన పద్ధతి అదే. ప్రాణం ఉన్న గుడ్డు మీద టిక్కు, లేనిదాని మీద ఇంటూ. ఫ్యాక్టరీలో పెట్టి పెట్టి చేతికి వచ్చేసిన గుర్తులు.

మన దేశంలో నెమలిని ఇంట్లో పెంచుకుంటే కేసు పెడతారు. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. ఎనిమిదేళ్ళ కిందట ఇల్లు మారుతున్న ఎవరో మగ నెమలినీ ఆడ నెమలినీ ఇచ్చేస్తామంటే, అంకుల్ కారు వెనక సీటు తీసేసి వెళ్ళి తెచ్చుకున్నారట. “సోఫా తెస్తానని వెళ్ళి ఇవి తెచ్చారు” అని ఆంటీ ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. చెప్పాక సోఫా వైపు చూపించేవారు. పాతదే.

మొదటి ఏడాది కథ కూడా ఆవిడ చెప్పిందే. నెమలి గుడ్లు పెట్టింది. అంకుల్ ఇంక్యుబేటర్ కొన్నారు. దుమ్ము లేని గదిలో, తలకి టోపీ, చేతులకి గ్లవ్స్ వేసుకుని ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషికి, గుడ్ల మీద అంటుకున్న మట్టీ రెట్టా చూస్తే ఒళ్ళు జలదరించింది. ఒక్కొక్కటీ గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఫ్యాక్టరీలో వాడే స్పిరిట్‌తో తుడిచి, మెరిసిపోయేలా చేసి వరసగా పేర్చారు. ఇరవై ఎనిమిది రోజులు కాపలా కాశారు. ఒక్కటీ పిల్ల కాలేదు. గుడ్డు పెంకు మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటుంది. జబ్బులు లోపలికి పోకుండా ఆపేది అదే. దాన్నే ఆయన తుడిచేశారు.

“కోళ్ళఫారం గోడ పక్కన పుట్టి, గుడ్లు కడుక్కున్న మొగాడు ఈయనొక్కడే ఉంటాడు ఈ భూమ్మీద” అన్నారు ఆంటీ, ఆయన ముందే.

అంకుల్ దోసె తుంచుతూ తలూపారు. “నిజమే. అన్నీ తుడవకూడదమ్మా. కొన్నిటికి మట్టే కాపలా.”

ఆ మాట ఆయన తరవాత చాలాసార్లు అన్నారు. ఆగస్టులో మగ నెమలి ఈకలు రాల్చే రోజులకే కృష్ణాష్టమి వస్తుంది. ఊళ్ళో మనవాళ్ళు పిల్లలకి కృష్ణుడి వేషం కోసం ఈకలు అడగడానికి వచ్చేవారు. ఎవరో ఒకరు సంచీలోంచి శానిటైజర్ బయటికి తీసేవారు. “అక్కర్లేదండీ, ఎండలో పెట్టండి చాలు” అనేవారు అంకుల్. ఇక్కడ ఎండ ఎక్కడుందని ఆంటీ అడిగేవారు.

రెండో ఏడాది నుంచీ గుడ్లు కడగడం మానేసి, పక్క పొలం ఆవిడ ఇచ్చిన పొదిగే కోడి కింద పెట్టడం నేర్చుకున్నారు. ఆవిడ గొర్రెలు మేపుకునే డెబ్భై ఏళ్ళ ఐరిష్ మనిషి. ఏమడిగినా ముందు “గ్రాండ్” అంటుంది, తరవాత అందులో ఏది బాగాలేదో చెబుతుంది. కోడి కింద గుడ్లు పిల్లలయ్యాయి. కానీ పిల్లలు తిండి ముట్టలేదు. నెమలి పిల్లలకి కింద గింజ ఉంటే తినాలని వెంటనే తెలియదు. ముక్కులు పైకెత్తి దేనికోసమో చూస్తూ నిలబడేవట. పక్క పొలం ఆవిడ ఉపాయం చెప్పింది. రెండు రోజుల ముందు పుట్టిన ఒక కోడిపిల్లని అవి ఉన్న పెట్టెలో వదలమంది. అది టకటకా పొడుచుకు తింటుంటే చూసి ఇవీ మొదలుపెట్టాయి. నేను వచ్చేసరికి అది అంకుల్‌కి ఏటా అలవాటు. ఆ కోడిపిల్లని టీచరమ్మ అనేవారు.

ఊళ్ళో దీపావళి భోజనాలకి అంకుల్ మొదటిసారి నన్ను బలవంతాన తీసుకెళ్ళినప్పుడు, ఆపకుండా కబుర్లు చెప్పే ఒక అమ్మాయి పక్క కుర్చీ చూపించి, “నువ్వేం మాట్లాడక్కర్లేదు. పక్కన కూర్చో చాలు” అన్నారు. ఆయన నన్ను ఏ పెట్టెలో వేశారో నాకు అర్థమైంది. కోపం రాలేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ నాకు స్నేహితురాలు.

ఒక మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నప్పుడు గార్డులు వచ్చారు. ఇక్కడి పోలీసులని అలాగే అంటారు. ఇద్దరిలో కుర్రవాడు తలుపు దగ్గర నిలబడి, రోడ్డు మీద వెళ్ళే ఎవరో ఫోను చేశారనీ, ఈ ఇంట్లో ఆడమనిషి కాపాడమని అరుస్తోందనీ మెల్లగా చెప్పాడు. నాకు నోరు పెగల్లేదు. నా మౌనం చూసి అతను ఇంకా మెల్లగా, “లోపల ఎవరైనా ఉన్నారా? చెప్పలేకపోతే తల ఊపితే చాలు” అన్నాడు. నేను నెమలి ఉన్న షెడ్డు వైపు తల ఊపాను. అతను రెండో గార్డు వైపు చూశాడు. ఇద్దరూ నెమ్మదిగా ఇంటి వెనక్కి నడిచారు. షెడ్డు కప్పు మీద నుంచి మగ నెమలి మెడ చాచి మళ్ళీ అరిచింది. ఆ తరవాత ఇద్దరూ టీ తాగి వెళ్ళారు.

సాయంత్రం ఈ సంగతి విని అంకుల్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. “నీ వంతు అరుపు కూడా వాడే అరుస్తున్నాడమ్మా. ఎప్పుడో ఒకప్పుడు వాడి దగ్గర్నుంచి నీది నువ్వు తీసుకోవాలి.”

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆయనకి స్కాన్ తీశారు. డాక్టరు సంవత్సరాల గురించి మాట్లాడలేదు. ఏప్రిల్ చివర నెమలి వెనక రాతిగోడ పక్కన పొదలో మొదటి గుడ్డు పెట్టింది. అక్కడంతా నెటిల్స్, చెయ్యి తగిలితే దద్దుర్లు తేలే మొక్కలు. ఏటా అది గుడ్డు పెట్టగానే అంకుల్ వెళ్ళి తెచ్చేసేవారు. నక్క, కాకులు, గుడ్లు ఎత్తుకుపోయే మాగ్పై పిట్టలు, అన్నీ కాచుకుని ఉంటాయి. ఈసారి కిటికీలోంచి చూసి కాఫీ కప్పు కింద పెట్టారు.

“ఈసారి తియ్యను” అన్నారు.

ఆంటీ వెనక్కి తిరిగారు. “తియ్యక? నక్కకి విందు చేస్తారా?”

“దానికే వదిలేద్దాం.”

“ఎనిమిదేళ్ళు కాపలా కాసి, ఇప్పుడా మీకు ఈ బుద్ధి?”

“ఎనిమిదేళ్ళూ అది పెట్టడం, నేను ఎత్తుకుపోవడం. దాని పిల్లల్ని దాని వెనక నడవగా ఒక్కసారీ చూడలేదది. ఒక్కసారి చూడనీవే.”

ఆంటీ సింకు వైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగారు. ఇంకో వసంతం ఉండదని ముగ్గురికీ తెలుసు. ఆయన తరవాత ఆంటీ కూతురి దగ్గరికి స్వోర్డ్స్ వెళ్ళిపోతారు. ఇల్లు అమ్మేస్తారు. నెమళ్ళు పక్క పొలం ఆవిడ దగ్గరికి పోతాయి. అవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, నెమ్మదిగా మాట్లాడుకుని పెట్టుకున్నవే.

నెమలి రోజు విడిచి రోజు పెట్టి, ఆరు గుడ్లయ్యాక వాటి మీద కూర్చుంది. అంకుల్ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, మా ఇద్దరికీ నియమం చెప్పారు. “ఇరవై ఎనిమిది రోజులు ఎవరూ ఆ పొద దగ్గరికి వెళ్ళకూడదు. బెదిరితే గూడు వదిలేస్తుంది. లేచిందా లేదా అని ఈ కిటికీలోంచే చూడండి. నేనూ వెళ్ళను.”

“మీరా? చూద్దాం” అన్నారు ఆంటీ.

మనిషి మాట వినపడితే నక్క రాదని పక్క పొలం ఆవిడ చెప్పింది. అంకుల్ గోడ మీద పాత రేడియో పెట్టించారు. రెండో రోజు వానకే అది మూగబోయింది. అప్పుడాయన నా వైపు చూశారు.

“అమ్మాయ్, నువ్వు ఎలాగూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటావు కదా. అదేదో వెనక మెట్టు మీద కూర్చుని పైకి చదువు. నక్కకి వినపడితే చాలు.”

కాన్వెంటులో పాఠం పైకి చదవాల్సిన రోజున నాకు జ్వరం వచ్చేది. ఆ మాట ఆయనకి ఎప్పుడో చెప్పాను కూడా. కాదనలేకపోయాను. ఆంటీ దాచుకున్న పాత వారపత్రికల కట్ట తెచ్చుకుని మెట్టు మీద కూర్చున్నాను. మే నెల సాయంత్రం, ఇంకా బోలెడు వెలుగు. నా గొంతు బట్టలు ఆరేసే తాడు దాకా కూడా వెళ్ళలేదు.

కిటికీలోంచి అంకుల్ అన్నారు. “ఇలా అయితే నక్క పాపం దగ్గరికొచ్చి వినాలి. కొంచెం గట్టిగా.”

మూడో రోజుకి గోడ దాకా వెళ్ళింది. అయిదో రోజున గోడ అవతల గొర్రెల మధ్య నుంచి పక్క పొలం ఆవిడ చెయ్యి ఊపి, ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆపొద్దు అంది. ఆంటీ వంటింట్లోంచి, “ఆ అత్తగారు వచ్చే ముక్క ఇంకోసారి చదువు” అనేవారు. అంకుల్ కిటికీ దగ్గర కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చునేవారు. ఆయన పొద వైపు చూసేవారు, నేను పేజీ వైపు. నా జీవితంలో నేను అన్ని మాటలు పైకి అన్నది ఆ రోజుల్లోనే.

నెమలి కూర్చున్న పన్నెండో రోజు పొద్దున ఆయనని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. వార్డులో నర్సు చేతికి సూది పెట్టబోతూ ఆగింది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా ఎర్రగా దద్దుర్లు. కొత్త మందు పడలేదేమోనని ఆవిడ కంగారు పడింది. ఆంటీ అంతకంటే కంగారు పడ్డారు.

“మందు కాదులే. ఏదో గడ్డి తగిలింది” అన్నారు అంకుల్. సాయంత్రానికి అవి తగ్గిపోయాయి. ఎవరమూ మళ్ళీ అడగలేదు.

నేను ఆఫీసు నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్ళి, అక్కడి నుంచి ఇంటికి వచ్చి, వెలుగు ఉన్నంతసేపూ చదివేదాన్ని. చదవని రోజు ఒక్కటీ లేదు. పదిహేడో రోజున గోడ మీద నక్క కనిపించింది. నా గొంతు ఎంత పైకి లేచిందో నాకు తెలియదు. అది మాత్రం దిగి అవతలి వైపు వెళ్ళిపోయింది. మర్నాడు చెబితే అంకుల్ కళ్ళు మూసుకునే నవ్వారు.

“వాడి దగ్గర్నుంచి తీసేసుకున్నావన్నమాట.”

“ఏంటంకుల్?”

“నీ వంతు.”

నాకు దిగులుగానే ఉంది. నక్క మళ్ళీ రావచ్చు. చలికి గుడ్లు పాడైపోవచ్చు. ఆయన చూడకుండానే అంతా వృథా అయిపోవచ్చు. పైకి ఏమీ అనలేదు గానీ ఆయనకి నా మొహం చదవడం వచ్చు.

“నాలుగు వస్తాయమ్మా” అన్నారు.

ఆంటీ నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నారు. “ఆరు పెట్టింది కదండీ.”

“నాలుగు.”

“పోనీ, మీరన్నట్టే.”

ఆయన నాతో అన్న మాటల్లో నెమళ్ళ గురించి అదే ఆఖరిది. ఇరవై మూడో రోజు పొద్దున ఫోను వచ్చింది. మొదట చెప్పానే, ఆ ఫోను.

దహనానికి గంట దూరం వెళ్ళాం. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసినవాళ్ళు చాలామంది వచ్చారు. ఆయన కూతురు నా దగ్గరికి వచ్చి, “నాన్న గురించి రెండు మాటలు చెప్పవా, నావల్ల కావట్లేదు” అంది. నావల్లా కాదని చెప్పబోయి ఆగాను. ఒక పేజీ రాసుకుని, నిలబడి చదివాను. చివరి వరసలోకి కూడా వినపడిందని పక్క పొలం ఆవిడ చెప్పింది. ఆవిడకి ఈసారి అర్థమయ్యే భాషే.

ఇరవై ఎనిమిదో రోజు ఆంటీ, ఆవిడ కూతురు, నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాం. మధ్యాహ్నం దాకా ఏమీ కదల్లేదు. ముగ్గురం కాఫీలు చల్లార్చుకున్నాం. రెండు దాటాక నెమలి లేచి, పొద అంచున నిలబడి, ఇటూ అటూ చూసి బయటికి వచ్చింది. దాని వెనక గడ్డి కదిలింది. ఒకటి. రెండు. కాసేపటికి ఇంకో రెండు.

నెమలి కింద నుంచి ఏదో పురుగుని ముక్కుతో తీసింది. మింగలేదు. ముక్కున పట్టుకుని మెడ వంచి అలాగే నిలబడింది. ఒక పిల్ల తల పైకెత్తి ఆ ముక్కులోంచి అందుకుని తింది. తరవాత ఇంకొకటి. ఏటా ఆ పిల్లలు ముక్కులెత్తి చూసింది దీనికోసమని అప్పుడు తెలిసింది. వాటికి తిండి తెలియక కాదు. తిండి పైనుంచి, తల్లి ముక్కులోంచి వస్తుందని వాటికి పుట్టుకతో తెలుసు. ఆయన చూడాల్సింది అది.

“నాలుగన్నారు” అన్నారు ఆంటీ. “నాలుగే.”

ఆ మాట ఆవిడ ఇప్పుడు పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నారు. ఫోనులో తణుకు చుట్టాలకీ చెబుతున్నారు. పోయేముందు మనిషికి కొన్ని తెలుస్తాయి అంటారు. చెప్పాక కిటికీ వైపు చూస్తారు. నేను పక్కనే ఉంటాను. అవునాంటీ అంటాను.

వచ్చే నెల ఆవిడ స్వోర్డ్స్ వెళ్ళిపోతారు. పిల్లలు ఎగిరి గోడెక్కడం నేర్చుకున్నాయి. నాకు ఊళ్ళో గది దొరికింది. ఆదివారాలు పక్క పొలం ఆవిడ దగ్గరికి వెళ్ళి చూసి వస్తానని మాటిచ్చాను. ఏదైనా చదవడానికి తెచ్చుకోమని ఆవిడ అంది.

నెమలి గూడు వదిలిన మూడో రోజు, ఎవరూ లేనప్పుడు, నేను ఆ పొదలోకి వెళ్ళాను. చెయ్యి పెట్టగానే మణికట్టు నుంచి మోచెయ్యి దాకా దద్దుర్లు తేలాయి. లోపల ఎండుటాకుల మీద పగిలిన పెంకులు, వాటి పక్కన పిల్లలు కాని గుడ్లు రెండు ఉన్నాయి. చల్లగా, మట్టి అంటుకుని. ఆ రెండింటి మీదా పెన్సిల్‌తో ఇంటూ పెట్టి ఉంది.